గురికి మూలం సమానత

మహాభారతంలో ద్రోణాచార్యుడు శిష్యులకు పెట్టిన పరీక్షను ఎరుగనివారు మనలో అరుదు. కొమ్మపై నున్న పక్షి కన్ను తప్ప మరేదీ కనబడుట లేదన్న అర్జునుని సమాధానాన్ని ఏకాగ్రతకు నిదర్శనంగా గురువులు తరతరాలుగా చెబుతూ వచ్చారు. కాని ఆ కథ వినేటప్పుడు ఒక ప్రశ్న మనకు తోచదు. ఆ బాణాన్ని చెక్కినవాడెవడు? ఎంతటి విలుకాడైనా వంకర బాణంతో పక్షి కన్ను కొట్టజాలడు. ఒక బాణం బరువుగాను, మరొకటి తేలికగాను ఉన్న యెడల, కన్ను చెదరకున్నా, చేయి వణకకున్నా గురి తప్పక మానదు.

"గురి" అనే తెలుగు మాటకు రెండు అర్థాలు కలవు. మొదటిది లక్ష్యం, ఉర్దూ మిత్రులు 'నిషానా' అనేది ఇదే. రెండవది నమ్మకం, వారు 'ఏతెబార్' అనేది అది. "ఆ వైద్యునిపై నాకు గురి కుదిరింది" అన్నప్పుడు మనం వాడేది ఈ రెండవ అర్థం. దూరపు లక్ష్యాన్ని కొట్టే రైఫిలుకు తూటాను చేతితో కూర్చుకొనే విద్యలో ఈ రెండు అర్థాలు ఒకటవుతాయి. తూటాపై నమ్మకం కుదిరితే గాని లక్ష్యంపై గురి కుదరదు. ఆ నమ్మకాన్ని న్యాయంగా ఎట్లు సంపాదించుకోవాలన్నదే ఈ వ్యాస విషయం. తుపాకి పట్టని విద్యార్థికి కూడా ఇందులో పనికివచ్చే పాఠం ఉన్నదని నా విశ్వాసం.

మన నగరపు జ్ఞాపకాలు

హైదరాబాదు వాసికి ఫిరంగులు కొత్త కావు. క్రీ.శ. 1687లో ఔరంగజేబు సైన్యాలు గోల్కొండను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించాయి. కోటలోని పెట్ల బురుజుపై నేటికీ 'ఫతే రహ్‌బర్' అనే పెద్ద ఫిరంగిని చూడవచ్చు. (చార్మినారు సమీపాన నున్న పేట వేరు, ఈ బురుజు వేరు.) ఆ కాలపు దక్కను ఫిరంగుల శాసనాలలో పోతపోసిన వాని పేరుతో పాటు గుండు ఎంత తూగవలెనో, మందు ఎంత తూగవలెనో చెక్కించే ఆచారం కనబడుతుంది. ఈ విషయాన్ని గూర్చి ఆలోచించినకొద్దీ ఆశ్చర్యం కలుగుతుంది. కాగితం చినిగిపోవచ్చు, ఫిరంగీదారు మారవచ్చు. తూకం మాత్రం మారరాదని లోహంపైనే వ్రాయించారు. నేడు తూటాలు కూర్చేవారు సంప్రదించే పట్టికలకు అది పూర్వరూపమే.

ఆ పిదప నూరేళ్లకు, రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్, ఫతే మైదానం సమీపాన ఫిరంగుల కార్ఖానాను నెలకొల్పాడు. ప్రజలు దానిని 'తోప్ కా సాంచా' అన్నారు. ఫిరంగిని పోతపోసే అచ్చు అని దాని భావం. 'గన్‌ఫౌండ్రీ' అన్న పేరుతో ఆ ప్రాంతం నేటికీ నిలిచి ఉన్నది. అచ్చు అన్న మాటలోనే ఒక ఆశయం ఉన్నది: ఒకదానివలె మరొకటి ఉండవలెను. ఆయుధ విద్యలో బలం కంటె సమానత గొప్పదని ఆ మాట మనకు సూచిస్తుంది.

ఒక మిల్లీమీటరు విలువ

ఇటీవలి కాలంలో ఈ సత్యాన్ని అందరికంటె బాగుగా ఎరిగిన హైదరాబాదీ గగన్ నారంగ్. 2008 బీజింగ్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో ఆయన 600కు 595 పాయింట్లు సాధించాడు. అదే స్కోరు ఇతరులకు కూడా రావడంతో చివరి వరుసల స్కోర్లను పోల్చి చూశారు. ఆయనకు తుదిపోటీలో స్థానం దక్కలేదు. నాలుగేళ్ల తరువాత 2012 లండన్ ఒలింపిక్సులో 701.1 పాయింట్లతో కాంస్య పతకం గెలుచుకొన్నాడు. రజతం పొందిన ఇటలీ క్రీడాకారుని స్కోరు 701.5. ఇద్దరికీ నడుమ తేడా 0.4.

ఈ 0.4 అంటే ఎంత? ఆ పోటీలో లక్ష్యపు నడిమి చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. వలయానికి వలయానికి ఎడం రెండున్నర మిల్లీమీటర్లు. తుదిపోటీలో పాయింటును పది భాగాలు చేస్తారు కనుక, ఒక్కొక్క భాగం పావు మిల్లీమీటరు. అనగా 0.4 పాయింటు ఒక మిల్లీమీటరుతో సమానం. వెండికి, కంచుకు మధ్య నున్న దూరం అంతే.

ఎయిర్ రైఫిలులో మందు ఉండదు. గాలి ఒత్తిడే సీసపు గుండును నడుపుతుంది. యాభై మీటర్ల పోటీలో వాడే చిన్న తూటాలో మందు ఉన్నా, దానిని విప్పి తిరిగి కూర్చుట కుదరదు. కనుక ఈ పోటీలవారు ఎన్నిక చేసుకొంటారు. కర్మాగారం ఒకటే, పేరు ఒకటే, డబ్బా రంగు ఒకటే అయినా ఒక్కొక్క 'లాటు' ఒక్కొక్క విధంగా ప్రవర్తిస్తుంది. రైఫిలును స్థిరమైన పీఠానికి బిగించి, ఒక్కొక్క లాటు నుండి అనేక గుండ్లు పేల్చి, తమ రైఫిలుకు ఒప్పినదానిని ఏరుకొంటారు. మూడు వందల మీటర్లు, వేయి గజాలు వంటి దూరపు పోటీలలో వాడే పెద్ద తూటా విషయం వేరు. దానిని ఏరుకోవడమే గాక, చట్టం అనుమతించే దేశాలలో క్రీడాకారులు తామే కూర్చుకొంటారు.

తూటాలో నాలుగు భాగాలు

తూటాకు నాలుగు అంగాలు. ఇత్తడి తొడుగు మొదటిది. దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు రెండవది. పూర్వం మన ప్రాంతంలో దీని పూర్వరూపాన్ని 'టోపీ' అనేవారు. తొడుగులో పోసే మందు మూడవది; బారూద్ అన్నా అదే. మూతిలో కూర్చే గుండు నాలుగవది. ఒకమారు పేలిన పిదప ప్రైమరు, మందు, గుండు వ్యయమవుతాయి. ఇత్తడి తొడుగు మాత్రం మిగులుతుంది. ఆ తొడుగును శుభ్రపరచి, పూర్వపు కొలతకు తెచ్చి, తక్కిన మూడింటిని తిరిగి అమర్చుటే చేతితో తూటా కూర్చే విద్య.

ఇక్కడ చట్టం మాట చెప్పుకొనుట అవసరం. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఐదవ విభాగం ప్రకారం లైసెన్సు లేక తూటాలను తయారుచేయుట నేరం. కనుక ఈ వ్యాసం ఇంట ప్రయత్నించుటకు చెప్పిన విధానం కాదు. ఆ విద్య వెనుక నున్న శాస్త్రాన్ని గ్రహించుటకు చేసిన ప్రయత్నం మాత్రమే.

సమానత ఎందుకు?

నాళపు మూతి నుండి గుండు వెలువడే వేగం సెకనుకు 800 మీటర్లు అనుకొందాం. లెక్క సులువుగా ఉండుటకు గాలి అడ్డును ప్రస్తుతానికి విడిచిపెడదాం. 100 మీటర్ల దూరం పోవుటకు ఎనిమిదవ వంతు సెకను పడుతుంది. ఆ వ్యవధిలో భూమ్యాకర్షణ వలన గుండు సుమారు 76.6 మిల్లీమీటర్లు క్రిందికి దిగుతుంది. అది నష్టం కాదు. దిగుడు ఎంతో ముందే తెలిస్తే నాళాన్ని ఆ మేరకు ఎత్తి పట్టవచ్చు. కాని తరువాతి తూటా 790 మీటర్ల వేగంతోనే వెలువడిందనుకొందాం. అప్పుడు దిగుడు 78.5 మిల్లీమీటర్లు. తేడా రెండు మిల్లీమీటర్ల లోపు. వంద మీటర్ల వద్ద ఆ తేడాను ఎవరూ గమనింపరు.

ఇప్పుడు లక్ష్యాన్ని 600 మీటర్ల దూరం జరుపుదాం. 800 వేగపు గుండు రెండు మీటర్ల 756 మిల్లీమీటర్లు దిగుతుంది. 790 వేగపు గుండు రెండు మీటర్ల 826 మిల్లీమీటర్లు. తేడా 70 మిల్లీమీటర్లు! దూరం ఆరు రెట్లు పెరిగితే తేడా ముప్పది ఆరు రెట్లు పెరిగింది. కాలపు వర్గాన్ని అనుసరించి దిగుడు పెరుగుతుందని ఇంటర్మీడియట్ విద్యార్థికి తెలిసిన సూత్రమే దీనికి కారణం. గాలి అడ్డును లెక్కలోనికి తీసుకొంటే ఈ తేడా మరింత హెచ్చుతుంది.

దీనినుండి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది: వేగం ఎక్కువా తక్కువా అన్నది అంత ముఖ్యం కాదు, ప్రతి తూటాకు అదే వేగం ఉన్నదా అన్నదే ముఖ్యం. రెండవది: దగ్గరి దూరంలో మంచిదనిపించిన తూటా దూరంలో మంచిదని చెప్పుటకు వీలు లేదు. చిన్న పరీక్షలో దాగిన లోపం పెద్ద పరీక్షలో బయటపడుతుంది.

ముత్యాల దండ వంటి పని

పత్తర్‌గట్టీ బజారులో ముత్యాలు ఏరేవారిని మనం చూస్తూనే ఉంటాం. తెల్లని గుడ్డపై కుప్ప పోసి, పరిమాణం, గుండ్రదనం, మెరుపు, రంగు చూసి వేరు వేరు రాసులు చేస్తారు. ఒక్కొక్క ముత్యం ఎంత అందమైనదైనా, ప్రక్క ముత్యంతో కలవకపోతే దండకు పనికిరాదు. తూటాలు కూర్చేవాని పని కూడా ఇదే.

మొదట తొడుగులు. ఒకే తయారీకి చెందినవి, ఒకే సంఖ్యలో పేలినవి ఒక రాశి. వాటిని తూచి, పొడవు కొలిచి, హెచ్చుతగ్గులున్నవాటిని తొలగిస్తారు. తొడుగు గోడ మందంగా ఉంటే లోపలి చోటు తగ్గుతుంది. చోటు తగ్గితే అదే మందు ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది. తొడుగు మెడ గుండును పట్టుకొనే బిగువు కూడా అన్నింటికీ ఒకటిగా ఉండవలెను.

తరువాత మందు. మన కంసాలులు గురివింద గింజతో బంగారాన్ని తూచినట్లు, పాశ్చాత్యులు ధాన్యపు గింజను ప్రమాణంగా గ్రహించి 'గ్రెయిను' అన్నారు. ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌను. ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు. మన గురివింద గింజలో దాదాపు సగం. నేటికీ తూటా మందును గ్రెయిన్లలోనే తూస్తారు. శ్రద్ధగలవారు అందులో పదవ వంతును కూడా విడువరు.

మందు విషయంలో ఒక హెచ్చరిక ఉన్నది. గోల్కొండ ఫిరంగుల నాటి నల్లమందు వేరు. 1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వియే కనుగొన్న పొగలేని మందు వేరు. రెండవది చాలా శక్తివంతం. పైగా మందును కొద్దిగా పెంచితే ఒత్తిడి కొద్దిగానే పెరుగుతుందనుకొనుట పొరపాటు. ఒక హద్దు దాటిన పిదప అది హఠాత్తుగా పెరిగి, తుపాకిని చీల్చి, పేల్చినవాని కన్నును, చేతిని తీసికొనిపోవచ్చు. అందుచేత అనుభవజ్ఞులు తయారీదారుల పట్టికలోని కనిష్ఠ పరిమాణం నుండి మొదలిడి, గరిష్ఠాన్ని ఎన్నడూ దాటరు. పని చేసే బల్లపై ఒక్క రకపు మందు తప్ప రెండవదానిని ఉంచరు. బలం కోసం ఆశపడినవానికి గురీ దక్కదు, క్షేమమూ దక్కదు.

చివరకు గుండు. దాని తూకం, ఆకారం, తొడుగులో ఎంత లోతున కూర్చున్నది, నిటారుగా కూర్చున్నదా వాలినదా అన్నవి గమనింపదగినవి. నాళంలోని మెలి తిరిగిన గాడులు గుండును బొంగరం వలె తిప్పుతాయి. వంకరగా కూర్చున్న గుండు ఊగుతున్న బొంగరంలా బయలుదేరుతుంది.

ఇన్ని చెప్పినా వేసవి మాట మిగిలే ఉన్నది. మందు వేడెక్కితే వేగంగా కాలుతుంది. వైశాఖ మాసపు ఎండలో బల్లపై విడిచిన తూటా, నీడలో ఉంచిన తూటా ఒకే గింజ తూగినా ఒకే వేగం ఇవ్వవు. తూచినవాడు వాతావరణాన్ని కూడా తన పుస్తకంలో వ్రాసుకోవలెను.

వేగాన్ని కొలిచిన మొదటివాడు

కంటికి కనబడని గుండు వేగాన్ని ఎట్లు కొలవడం? దీనికి మొట్టమొదట నమ్మదగిన ఉపాయం చెప్పినవాడు ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్. 1742లో ప్రకటించిన గ్రంథంలో ఆయన ఒక లోలకాన్ని వర్ణించాడు. బరువైన దిమ్మెను వ్రేలాడదీసి, దానిలోనికి గుండును పేల్చి, దిమ్మె ఎంత ఊగినదో చూచుటే ఆ ఉపాయం. పది గ్రాముల గుండు 800 మీటర్ల వేగంతో ఇరవై కిలోగ్రాముల దిమ్మెలో దిగబడితే, ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రాన్ని బట్టి దిమ్మె సెకనుకు సుమారు 0.4 మీటరు వేగంతో కదులుతుంది. ఎనిమిది మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ఆ ఎనిమిది మిల్లీమీటర్లను కొలిచినవాడు 800 మీటర్ల వేగాన్ని కొలిచినట్లే! మన భౌతిక శాస్త్ర పాఠ్యగ్రంథంలో ఒక లెక్కగా కనబడే ఆ లోలకం ఆనాడు ఒక యుగాన్ని మార్చింది. గణితజ్ఞుడు ఆయిలర్ ఆ గ్రంథాన్ని 1745లో వ్యాఖ్యానంతో జర్మను భాషలోనికి తెచ్చాడు. రాబిన్స్ జీవితపు చివరి దశ మన దక్షిణ తీరంలోనే గడిచింది. ఈస్టిండియా కంపెనీ కోటల పనిపై వచ్చి, కడలూరు వద్ద సెయింట్ డేవిడ్ కోటలో 1751లో మరణించాడు.

నేడు ఆ పనిని ఎలక్ట్రానిక్ క్రోనోగ్రాఫు క్షణంలో చేస్తుంది. అంకె సులభంగా లభిస్తుంది. కాని అంకె లభించుట వేరు, దాని అర్థం గ్రహించుట వేరు. అసలు కష్టం ఇక్కడనే ఆరంభం.

మూడు గుండ్ల మోసం

తూటాలు కూర్చే కొత్తవాడు సాధారణంగా ఇట్లు చేస్తాడు. మందు పరిమాణం కొద్దికొద్దిగా మార్చి పది రకాల తూటాలు కూర్చుకొంటాడు. రకానికి మూడు చొప్పున పేలుస్తాడు. ఏ రకపు మూడు గుండ్లు దగ్గరగా పడ్డాయో అదే ఉత్తమమని నిశ్చయించి, కాగితాన్ని మిత్రులకు చూపుతాడు. మరునాడు అదే రకం చెల్లాచెదురవుతుంది. అప్పుడు గాలిని, భుజాన్ని, అదృష్టాన్ని నిందిస్తాడు.

లెక్కను అడిగి చూద్దాం. ఒక రకపు తూటాల వేగానికి క్రమ విచలనం సెకనుకు 5 మీటర్లు అనుకొందాం. మూడు తూటాలు పేల్చినప్పుడు అత్యధిక, అత్యల్ప వేగాల మధ్య వ్యాప్తి సగటున సుమారు 8.5 మీటర్లు కనబడుతుంది. పది పేల్చితే సుమారు 15.4 మీటర్లు. తూటాలు మారలేదు, మన చూపు మారింది. తక్కువ చూచినవానికి లోపం తక్కువగా కనబడుతుంది!

క్రమ విచలనాన్నే అంచనా వేద్దామంటే, మూడు గుండ్లతో వేసిన అంచనాలో సగం మేర పొరపాటు ఉండవచ్చు. పదింటితో వేసినదానిలో నాలుగవ వంతు. పదవ వంతు వరకు తేవలెనంటే యాభై గుండ్లు కావలెను. ఇక పది రకాలూ నిజానికి సమానమే అయినా, రకానికి మూడు పేల్చితే వాటిలో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా ముందు నిలిచి తీరుతుంది. పది మంది నాణాలు ఎగురవేస్తే ఒకనికి వరుసగా బొమ్మ పడవచ్చు. అతనిని నాణెపు ఉస్తాదు అనగలమా?

తక్కువ నమూనాలతో వచ్చే ఈ చిక్కును 1908లో ఒక కార్ఖానా రసాయన శాస్త్రజ్ఞుడు గాసెట్ పరిశీలించి, 'స్టూడెంట్' అన్న మారుపేరుతో వ్యాసం ప్రకటించాడు. విద్యార్థి అన్న పేరే గణాంక శాస్త్రంలో శాశ్వతమయింది. తరువాత ఈ ప్రశ్నకు హద్దు గీసినవాడు మన తెలుగువాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కలియంపూడి రాధాకృష్ణారావు 1945లో ప్రకటించిన ఒక వ్యాసంలో, ఉన్న సమాచారం నుండి పక్షపాతం లేక ఎంత ఖచ్చితంగా అంచనా వేయగలమో దానికి ఒక హద్దు కలదనీ, ఎంతటి మేధావీ దానిని దాటజాలడనీ నిరూపించాడు. నేడు 'క్రామర్-రావు హద్దు' అని లోకమంతా దానిని వాడుకొంటున్నది. 2023లో పరమపదించిన ఆ మహనీయుని పేర హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో ఒక పరిశోధన సంస్థ కలదు. ఆ సిద్ధాంతాన్ని మన విషయానికి అన్వయిస్తే భావం ఇది: మూడు గుండ్లలో లేని జ్ఞానాన్ని ఏ తెలివీ పిండుకోలేదు.

పరీక్షించే పద్ధతి

అయితే పరీక్ష ఎట్లు చేయవలెను? మూడు నియమాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, ఒకమారు ఒక్కటే మార్చవలెను. మందునూ గుండు లోతునూ ఒకేసారి మార్చినవాడు, ఫలితం బాగుపడినా చెడినా, కారణం దేనిదో చెప్పలేడు.

రెండవది, పోల్చదలచిన రకాలను వరుసగా గాక కలగలుపుగా పేల్చవలెను. 'అ' రకమంతా ఉదయం, 'ఆ' రకమంతా మధ్యాహ్నం పేల్చితే, నాళపు వేడి, ఎండ, గాలి, అలసట అన్నీ 'ఆ' రకం నెత్తిన పడతాయి. అ, ఆ, ఇ, మరల అ, ఆ, ఇ అన్న తీరున పేల్చితే కష్టసుఖాలు అన్నింటికీ సమానంగా పంచబడతాయి. కేంబ్రిడ్జిలో రాధాకృష్ణారావుగారికి గురువైన ఫిషర్, పొలాలలో ఎరువుల పరీక్షకు చెప్పిన న్యాయం కూడా ఇటువంటిదే.

మూడవది, పెద్ద లోపాన్ని ముందు సవరింపవలెను. స్వతంత్రమైన లోపాలు కూడికగా చేరవు; వర్గాలుగా చేరుతాయి. చేతి వణకు వలన 4 సెంటీమీటర్లు, తూటా వలన 3 సెంటీమీటర్లు చెదిరితే మొత్తం 7 కాదు, 5. పైథాగరసు త్రిభుజమే! ఇప్పుడు తూటా లోపాన్ని ఎంతో శ్రమించి సగానికి తగ్గిస్తే మొత్తం 4.3 అవుతుంది. దానికి బదులు చేతి లోపాన్ని సగం చేసుకొంటే 3.6. బల్ల వద్ద తూచుటలో గడిపే కాలమంతా, సాధన చేయనివానికి ఫలమీయదు. తూటాను దిద్దుకొనేవాడు తనను కూడా దిద్దుకోవలెను.

తప్పిన గుండును దాచరాదు

ఇక అన్నింటికంటె కఠినమైన నియమం ఒకటి మిగిలి ఉన్నది. తొమ్మిది గుండ్లు ఒక చోట, పదవది దూరంగా పడినప్పుడు, "అది నా చేతి పొరపాటు, లెక్కలోనిది కాదు" అని మనసు తొందరపెడుతుంది. పొరపాటు నిజంగా జరిగి ఉండవచ్చు. కాని కాగితం చూచిన తరువాత చెప్పిన సాకుకు విలువ లేదు. అందుకే మంచి గురువులు, లక్ష్యాన్ని చూడకముందే ఆ గుండు ఎట్లు వెలువడినదో శిష్యునిచేత చెప్పిస్తారు. ముందే "తప్పింది" అన్నదానిని వేరుగా వ్రాయవచ్చు. చెప్పనిది తప్పినా ఒప్పినా లెక్కలో ఉండవలసిందే.

ఈ సందర్భంలో ఈ వ్యాసకర్త తన విద్యార్థి దశలోని ఒక తప్పును ఒప్పుకోవలసి ఉన్నది. సామాన్య లోలకంతో గురుత్వ త్వరణం కనుగొనే ప్రయోగంలో, రావలసిన విలువ 980 అని మాకు ముందే తెలుసు. నా రీడింగులలో ఒకటి దూరంగా పోయింది. రబ్బరుతో చెరిపి, మిగిలినవాటితో కలిసే అంకె ఒకటి వ్రాశాను. రికార్డుకు మంచి మార్కులే వచ్చాయి. ఎవరూ కనిపెట్టలేదు. ఏళ్లు గడచిన పిదప రైఫిలు పోటీదారుల నోటు పుస్తకాలలో తప్పిన ప్రతి గుండుకు ఎదుట తారీఖు, గాలి, వేడి, కారణం తెలియదన్న మాటతో సహా వ్రాసి ఉండుట చూచినప్పుడు ఆ రబ్బరు నాకు జ్ఞాపకం వచ్చింది. వారికి ఆ తప్పిన గుండే గురువు. నేను నా గురువును చెరిపివేశాను. దారం బిగువులోనో, పొడవు కొలతలోనో ఉండిన లోపం ఏదో ఆనాడే తెలిసి ఉండేది. తెలిసికొనే అవకాశాన్ని నేనే పోగొట్టుకొన్నాను.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మీలో తూటా కూర్చేవారు ఒకరైనా ఉండకపోవచ్చు. కాని మందులు తూచేవారు, నేత్రవైద్యులు, ఇంజనీర్లు, లెక్కల గుమాస్తాలు, ఉపాధ్యాయులు తప్పక ఉంటారు. ఔషధశాలలో ఒక మాత్రకు, మరొక మాత్రకు తేడా వస్తే కాగితంపై గుండు తప్పదు. రోగి ప్రాణం తప్పుతుంది. మూడు అనుభవాలతో ఒక మనిషిపైనో, ఒక బస్తీపైనో, ఒక సమాజంపైనో తీర్పు చెప్పేవాడు మూడు గుండ్లతో తూటాను మెచ్చినవాని కంటె తెలివైనవాడు కాడు.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. ప్రయోగశాలలో రావలసిన విలువ వచ్చిందా అని గాక, వచ్చిన విలువను విద్యార్థి ఉన్నదున్నట్లు వ్రాశాడా అని చూచి మార్కులిచ్చే సంప్రదాయాన్ని నెలకొల్పితే, ఖర్చు లేకుండానే మన ప్రయోగశాల గొప్పదవుతుంది. దూరంగా పోయిన రీడింగును దాచక, దాని కారణం వెదికిన విద్యార్థికి రెండు మార్కులు హెచ్చుగా ఇచ్చినా తప్పు లేదు.

గోల్కొండ కాలపు పోతగాడు తూకాన్ని లోహంపై చెక్కాడు, ఎవరూ చెరపరాదని. మనం కాగితంపై వ్రాస్తున్నాము. రబ్బరు మన చేతిలోనే ఉన్నది. దానిని వాడకుండుటలోనే గురి కుదురుతుంది, ఆ మాటకున్న రెండు అర్థాలలోను.